ఆ పోస్టర్ ఇప్పుడే కొనకు

అమ్మలూ,

పాత జపాన్ కామెడీ సినిమాల సామాను పోగుచేస్తానన్నావు, సంతోషం. కానీ చూడని సినిమా పోస్టర్‌కి మొదటి జీతమంతా పెడతానంటే మీ మామయ్య ఊరుకోడు.

ముందు ఒక్క వరస పట్టుకో. తోరా సాన్ సినిమాలైతే మంచిది. 1969 నుంచి 1995 దాకా 48 వచ్చాయి, అన్నిటిలో హీరో కియోషి అత్సుమియే. కథలో తోరా సాన్ ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునే మనిషి. టోక్యోలో షిబమాతా పేటలో ఉన్న బాబాయి మిఠాయి కొట్టుకి వస్తాడు, గొడవ పడతాడు, ఎవరో ఒకామె మీద మనసు పడతాడు, చివరికి పెట్టె పట్టుకుని మళ్ళీ వెళ్ళిపోతాడు. దాదాపు ప్రతిసారీ ఇదే కథ! చాలా ఏళ్ళు ఏడాదికి రెండు వచ్చేవి. ఒకటి ఆగస్టులో ఓబోన్ పండక్కి, ఒకటి కొత్త సంవత్సరానికి, మన సంక్రాంతి సినిమాల్లాగే. కథ మారదు గానీ తోరా సాన్ వెళ్ళే ఊరు మారుతుంది. వరసగా చూస్తుంటే రైళ్ళు, సత్రాలు మారిపోతాయి, చెల్లెలి కొడుకు పసివాడి నుంచి ప్రేమలో పడే కుర్రాడవుతాడు. మాలాంటివాళ్ళకి పిచ్చి పట్టించేది అదే. ఒక్క భాగం తక్కువైనా అలమరాలో పన్ను ఊడినట్టుంటుంది.

మధ్యలో జపాన్ దర్శకుడు ఓజు తీసిన 'ఓహాయో' (1959) కూడా చూడు. టీవీ కొనమని ఇద్దరు పిల్లలు మౌనవ్రతం పడతారు. అంతే కథ.

కొనడం మాత్రం కాగితాలతో మొదలుపెట్టు. హాళ్ళలో ఉచితంగా పంచిన చిరాషీ కరపత్రాలు, హాల్లో అమ్మిన పాంఫ్లెట్లు టోక్యోలో జింబోచో పేట పాత పుస్తకాల షాపుల్లో వెతుకు. సంవత్సరం షోవా లెక్కలో, అంటే జపాన్ చక్రవర్తి పాలనా సంవత్సరాల్లో, ఉంటే 1925 కలుపు. షోవా 44 అంటే 1969. పోస్టర్ దగ్గరికి టేపు తీసుకెళ్ళు. మామూలు సైజు 51.5 × 72.8 సెంటీమీటర్లు. నేనొకసారి మొహమాటపడి కొలవకుండా కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే అన్ని వైపులా పొట్టి, భూతద్దంలో పాత అచ్చు చుక్కలే లేవు. కొత్తగా తీసిన కాపీ! మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

డీవీడీ కొంటే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో అట్ట మీద చూసుకో, చాలావాటికి ఉండవు. పైగా డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే రీజియన్ నంబరు ఒకటుంటుంది. జపాన్‌ది 2, మనది 5. ఇక్కడి ప్లేయర్ మొండికేస్తుంది.

ఆ పోస్టర్ కొలతలు, కింది మూలన ఉన్న చిన్న అక్షరాల ఫొటో పంపు. ఆదివారం మాట్లాడదాం. అప్పటిదాకా షాపాయనకి అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య