"దొంగల తరఫున వాదించే ఉద్యోగమా?" అని అడిగిన ఒక అమ్మకు

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర ఒక పల్లె. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు, నేను ఇంట్లో మిషను కుడతాను. మా అమ్మాయి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆఖరి సంవత్సరంలో ఉంది. అమెరికాలో పబ్లిక్ డిఫెండర్ అని ఉంటారట, లాయరును పెట్టుకోలేనివాళ్ల తరఫున సర్కారు డబ్బుతో వాదిస్తారట. అలాంటి ఉద్యోగమే చేస్తానంటోంది. మన దగ్గర అలాంటిది ఉందా? దొంగల తరఫున వాదించే పనికి ఆడపిల్లను ఎలా పంపుతామని వాళ్ల నాన్న కోపంగా ఉన్నారు. అమ్మాయి తెలుగు మీడియంలో చదివింది. మాకు తెలిసిన లాయర్లు ఎవరూ లేరు. ఏం చేయమంటారు?

ఉందమ్మా. పేరు వేరు, అంతే. మన దగ్గర దాన్ని లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అంటారు. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఈ లాయర్లు దాని కింద పనిచేస్తారు.

అమెరికాలో 1963లో గిడియన్ కేసు తీర్పుతో, పెద్ద నేరారోపణ ఎదుర్కొంటున్న పేదవాడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని స్థిరపడింది. మన రాజ్యాంగంలో పేదలకు ఉచిత న్యాయ సహాయం అందాలని చెప్పే 39ఏ అధికరణం 1976లో చేరింది, 1987లో న్యాయ సేవల చట్టం వచ్చింది. అయినా చాలాకాలం జరిగింది ఏమిటంటే, ప్యానెల్ లాయర్లు, అంటే లీగల్ ఎయిడ్ జాబితాలో ఉన్నవాళ్లు, తమ సొంత ప్రాక్టీసు చూసుకుంటూ, మధ్యలో కొద్దిపాటి ఫీజుకు లీగల్ ఎయిడ్ కేసు కూడా చూసేవారు. వాళ్లలో ప్రాణం పెట్టి చేసినవాళ్లు ఉన్నారు, వాయిదాకు రానివాళ్లూ ఉన్నారు. దాన్ని మార్చడానికే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2022లో ఈ పద్ధతిని జిల్లాలకు తెచ్చింది. ఇందులో చేరిన లాయరుకు ఇదొక్కటే పని. సొంత కేసులు పట్టకూడదు, క్లయింటు దగ్గర రూపాయి తీసుకోకూడదు. పోలీసులు పట్టుకున్న దగ్గర్నుంచి రిమాండు, బెయిలు, విచారణ, అప్పీలు దాకా నిందితుడి తరఫున నిలబడాలి.

ముందు మీ ఆయన కోపం సంగతి మాట్లాడుకుందాం. అది తేలకుండా మిగతాదంతా చెప్పినా ఇంట్లో పనికిరాదు.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేను కొన్నేళ్లు క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేశాను. ఒక సాయంత్రం రిమాండుకు ఒక కుర్రాణ్ణి తెచ్చారు. ఇరవై ఏళ్లుంటాయేమో. సెల్‌ఫోన్ దొంగతనం కేసు. కాళ్లకు చెప్పుల్లేవు. "లాయరు ఉన్నారా?" అని మెజిస్ట్రేటు అడిగితే, జవాబు ఆయన దగ్గరే ఉందన్నట్టు పక్కనున్న కానిస్టేబుల్ మొహం చూశాడు. తర్వాత లీగల్ ఎయిడ్ కింద ఒక వకీలును ఇచ్చారు, వారం తిరక్కుండా బెయిలూ వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. వాళ్ల అవ్వ చీర కొంగులో రేషన్ కార్డు మూటకట్టుకుని కోర్టు వరండాలో కూర్చుంది. ఇంటి పన్ను రశీదు ఉన్న మనుషులు ఇద్దరు కావాలని గుమస్తా చెబుతుంటే, "నా కార్డు చాలదా నాయనా" అని పదే పదే అడుగుతోంది. షరతు తగ్గించమని ఒక్క పిటిషన్ వేసి ఉంటే సరిపోయేది. ఆ వకీలు వేరే కోర్టులో సొంత కేసుల్లో ఉన్నాడు. బెయిలు వచ్చాక కూడా కుర్రాడు నెల దాటి లోపలే ఉన్నాడు. ఆ కేసు నాది కాదు, కానీ ఆ వరండాలో రోజూ ఆవిడను దాటుకుంటూ వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే మీ అమ్మాయి ఈ పని చేస్తానంటే నాకు ఇంత సంతోషం.

అతను ఫోను తీశాడో లేదో నాకు తెలియదు. అది తేల్చడానికే కదా విచారణ. తేలకముందే జైల్లో గడిపిన రోజుల్ని ఎవరూ తిరిగి ఇవ్వరు. సుఖ్‌దాస్ అని అరుణాచల్ ప్రదేశ్ మనిషి ఒకాయనకు రెండేళ్ల శిక్ష పడింది. విచారణ అంతా లాయరు లేకుండానే నడిచింది. ఉచితంగా లాయరును ఇస్తారని ఆయనకు చెప్పినవాళ్లు లేరు. అడగలేదు కాబట్టి ఇవ్వలేదంటే కుదరదని సుప్రీంకోర్టు 1986లో ఆ శిక్షను కొట్టేసింది. మీ ఆయన ఆర్టీసీ డ్రైవరు అన్నారు. రోడ్డు మీద ఏదైనా జరిగితే డ్రైవరు మీద కేసు ఎంత తొందరగా పడుతుందో ఆయనకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు పక్కన నిలబడే మనిషి ఎంత అవసరమో ఆయన్నే ఒకసారి ఆలోచించమనండి.

ఆడపిల్ల అన్నారు. జైలుకు వెళ్లడం ఈ పనిలో భాగమే, కానీ న్యాయ సేవాధికార సంస్థ తరఫున, అధికారికంగా వెళ్తారు. పైగా మగ లాయరుకు సగం చెప్పి ఊరుకునే మహిళా ఖైదీ, ఆడ లాయరు ముందు కూర్చుంటే మొత్తం చెబుతుంది. నేను కళ్లారా చూశాను.

ఇక ఉద్యోగం సంగతి. ఈ ఆఫీసులో లాయర్లు మూడు స్థాయిల్లో ఉంటారు. చీఫ్‌కు క్రిమినల్ ప్రాక్టీసు కనీసం 10 ఏళ్లు, సెషన్స్ కోర్టుల్లో 30 విచారణలు నడిపిన అనుభవం కావాలి. డిప్యూటీ చీఫ్‌కు 7 ఏళ్లు, 20 విచారణలు. అసిస్టెంటుకు మాత్రం 0 నుంచి 3 ఏళ్ల ప్రాక్టీసు. మీ అమ్మాయికి తలుపు ఇదే. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. మూడేళ్లు దాటిపోయి ఏడేళ్లు నిండనివాళ్లకు ఇందులో కొత్తగా చేరే చోటు లేదు. "ముందు నాలుగేళ్లు ఎక్కడైనా పనిచేసి తర్వాత చూద్దాం" అనుకుంటే తలుపు మూసుకుపోతుంది. కాబట్టి లాయరుగా ఎన్‌రోల్ అయిన రోజు నుంచే లెక్క పెట్టుకోవాలి.

డిగ్రీ రాగానే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్. దాని ఫీజు జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించకూడదని సుప్రీంకోర్టు 2024 జూలైలో చెప్పింది. ఆ తర్వాత రెండేళ్లలోపు ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. వంద ప్రశ్నలు, జనరల్ వాళ్లకు 45 శాతం వస్తే చాలు. దానికి భయపడక్కర్లేదు.

అసిస్టెంటు పోస్టులకు ఏటా ఒకసారి రాష్ట్రమంతటికీ ఒక పరీక్ష అంటూ ఉండదు. ఏ జిల్లాలో ఖాళీ వస్తే ఆ జిల్లా సంస్థే నోటిఫికేషన్ ఇస్తుంది. జిల్లా కోర్టు వెబ్‌సైటులో పెడతారు, నోటీసు బోర్డుకు అంటిస్తారు. గడువు తక్కువ ఉంటుంది. జిల్లా ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షతన ఎంపిక కమిటీ ఇంటర్వ్యూ చేస్తుంది. ఒక్క అనంతపురమే కాదు, చుట్టుపక్కల జిల్లాల సైట్లు కూడా వారానికోసారి చూసే అలవాటు చేసుకోమనండి.

డబ్బు విషయం దాచను. ఇది పర్మినెంటు ఉద్యోగం కాదు. మొదట రెండేళ్ల కాంట్రాక్టు, పని బాగుంటే ఆపైన ఏడాదికోసారి పొడిగిస్తారు. పెన్షన్ లేదు. ఇచ్చే గౌరవవేతనం ఊరి స్థాయిని బట్టి మారుతుంది, ఎంతో నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. పెద్ద మొత్తం కాదు. అయితే దేనితో పోల్చాలో చూడండి. సీనియర్ దగ్గర చేరిన జూనియర్‌కు నెలకు పట్నంలో 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే. చాలా జిల్లా కోర్టుల్లో జూనియర్ చేతికి వచ్చేది బస్సు చార్జీల పాటి కూడా ఉండదు. అలా చూస్తే నెలనెలా డబ్బు వస్తూ, వరుసగా కేసులు చేతికొచ్చే చోటు కొత్త లాయరుకు ఇంకోటి దొరకడం కష్టం.

వాళ్ల నాన్న గవర్నమెంటు ఉద్యోగమే కావాలంటే, ఈ దారి దానికి అడ్డం కాదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ నిబంధన పెట్టింది. ఎన్‌రోల్ అయిన రోజు నుంచి ఆ లెక్క మొదలవుతుంది. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకూ ప్రాక్టీసు అనుభవం అడుగుతారు. ఏ దారైనా మొదటి మూడేళ్లు కోర్టులో గడపాల్సిందే. ఆ మూడేళ్లు ఎక్కడ గడుపుతుందన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. పథకం ప్రకారం సున్నా అనుభవంతో కూడా అసిస్టెంటుగా చేరొచ్చు. అయినా ముందు ఒక ఏడాది, రోజూ ట్రయల్స్ నడిపే ఒక క్రిమినల్ సీనియర్ దగ్గర ఉండమంటాను. పేరున్నవాడు కానక్కర్లేదు, సాక్షుల్ని క్రాస్ చేసేవాడు, అంటే ఎదురు ప్రశ్నలు వేసేవాడు కావాలి. ఎందుకంటే ఈ పనిలో పొరపాటు చేస్తే జైలుకెళ్లేది లాయరు కాదు.

ఒకటి చూపిస్తాను. సాక్షి పోలీసుల దగ్గర "చీకట్లో మొహం సరిగా కనబడలేదు" అన్నాడు. కోర్టులో బోనెక్కి "వీడే" అని వేలు చూపించాడు. కొత్త లాయరు సంబరంగా "అప్పుడు అలా చెప్పలేదా?" అని అడుగుతుంది, సాక్షి "లేదు" అంటాడు, కూర్చుంటుంది. అక్కడితో సగమే అయింది. పోలీసు వాంగ్మూలంలోని ఆ వాక్యాన్నే సాక్షి ముందు పెట్టి చదివించాలి. తర్వాత దర్యాప్తు అధికారి సాక్ష్యం చెప్పేటప్పుడు, సాక్షి తన దగ్గర ఆ మాట చెప్పాడని ఆయనతో అనిపించాలి. రెండోది మర్చిపోతే ఆ తేడా రుజువైనట్టు లెక్కలోకి రాదు. అధికారి వంతు నెలల తర్వాత వస్తుంది, అందుకే మర్చిపోతారు. ఫైలు అట్ట లోపలి వైపు అప్పుడే ఎర్ర సిరాతో రాసి పెట్టుకోమని మా సీనియర్ చెప్పేవారు. ఇలాంటిది పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది.

ఇంటర్వ్యూలో కూడా ఇలాంటివే అడుగుతారు. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి కాబట్టి పాత సెక్షన్ నంబర్లు, కొత్తవి రెండూ నోటికి రావాలి. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు దాటినా చార్జిషీటు పడకపోతే బెయిలు హక్కు అవుతుంది. కానీ చార్జిషీటు పడకముందే పిటిషన్ వేయాలి, ఒక్క రోజు అజాగ్రత్తగా ఉన్నా ఆ హక్కు పోతుంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ, యావజ్జీవమో మరణశిక్షో పడే నేరం కాకపోతే, గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపాక బయటికి రావచ్చని, ఆ కొత్త చట్టాల్లో ఒకటైన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. ఇంకా ముఖ్యమైనది, నేను చెప్పిన అవ్వ బాధకు సంబంధించింది. బెయిలు వచ్చిన ఖైదీ ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోపు జామీను కట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడొచ్చు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఇది. ఇవి ఏకరువు పెట్టడం కాదు, ఫలానా ఖైదీకి రేపు పొద్దున ఏ పిటిషన్ వేస్తావో చెప్పగలగాలి.

తెలుగు మీడియం అని దిగులు వద్దు. కింది కోర్టుల్లో సాక్షులు తెలుగులోనే చెబుతారు, క్రాస్ తెలుగులోనే నడుస్తుంది, జైల్లో ఖైదీ తన కథ తెలుగులోనే చెప్పుకుంటాడు. మీ సీమ మాట మీ అమ్మాయికి అర్థమైనట్టు బయటినుంచి వచ్చిన లాయరుకు అర్థం కాదు. పిటిషన్లు, తీర్పులు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంటాయి. దానికి గ్రామర్ పుస్తకాలు కాదు, రోజుకో బెయిలు ఆర్డరు చదవాలి. ఈ-కోర్ట్స్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఆరు నెలలు ఒక్కో ఆర్డరు చేత్తో తిరగరాస్తే ఆ భాష పట్టుబడుతుంది. అందులో వాడే వాక్యాలు మహా అయితే వందో నూటయాభైయో.

తెలిసిన లాయర్లు లేరన్నారు కదా, దానికీ దారి ఉంది. న్యాయ సేవాధికార సంస్థలు పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటాయి, లా విద్యార్థులు కూడా చేరొచ్చు. వచ్చే సోమవారం మీ అమ్మాయిని కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు పట్టుకుని జిల్లా కోర్టులోని ఆ ఆఫీసుకు వెళ్లమనండి. కార్యదర్శి గారికి తెలుగులోనే ఒక పేజీ అర్జీ రాసి ఇవ్వాలి. అక్కడే డిఫెన్స్ కౌన్సెల్ లాయర్లు ఎవరో తెలుస్తుంది. సాయంత్రం రిమాండుల సమయంలో మెజిస్ట్రేటు కోర్టులో వెనక బెంచీలో కూర్చుని చూడాలి. వీలైతే ఒకరోజు వాళ్ల నాన్నను కూడా వెంట తీసుకెళ్లమనండి.