కోడలి కంచంలో మాత్రం కోత పెట్టకు

నాయనా రాజూ,

కోడలికి నాలుగో నెల అనీ, అడ్డా మీద పని సరిగా దొరకడం లేదనీ చెప్పావు. ఇలాంటప్పుడు ఏ ఇంట్లోనైనా ముందు ఆగేది పాలప్యాకెట్, ఆ తర్వాత పరీక్షలు. కిస్తీ మాత్రం ఆగదు. నువ్వు ఆ వరస తిరగెయ్యి. అప్పిచ్చిన సంఘంలో ఇప్పుడే మాట్లాడి కిస్తీకి గడువు అడుగు.

చేతిలో డబ్బు లేకపోతే దాని దెబ్బ బిడ్డకు తగిలేది తల్లి తిండి, రక్తం, విశ్రాంతి తగ్గడం వల్లే. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత, 7 కన్నా తగ్గితే ప్రమాదం. అప్పుడు బిడ్డ నెలలు నిండకుండానే పుట్టొచ్చు, నిండినా 2.5 కిలోలు తూగకపోవచ్చు. అంత చిన్న బిడ్డ ఒంట్లో కొవ్వు చాలదు, తొందరగా చల్లబడుతుంది, రొమ్ము గట్టిగా పట్టి చీకలేదు. ఇన్ఫెక్షన్లు కూడా త్వరగా సోకుతాయి.

ఐరన్ మాత్ర రోజుకొకటి, 180 రోజులు. సర్కారు దవాఖానలో ఉచితమే. మలం నల్లగా వస్తోందనో, వికారంగా ఉందనో చాలామంది మానేస్తారు. నలుపు సహజం, భయపడొద్దు. రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు, నిమ్మరసంతో వేసుకోమను. టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం మాత్రను ఐరన్‌తో కలపకుండా, పగలు అన్నంతో పాటు వేసుకోవాలి.

అంగన్‌వాడీలో పేరు రాయించు. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అక్కడ పెట్టే భోజనంలో గుడ్డు, 200 మి.లీ. పాలు ఉంటాయి. అక్కడే తినమను. ఇంటికి తెచ్చిందంటే ఆ గుడ్డు ఇంకెవరి కంచంలోకో పోతుంది, కాదనడానికి తనకు మనసు రాదు. ఇంట్లో కూడా అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మాన్పించు. ఇటుకలు, సిమెంటు తట్టలు ఇక మొయ్యనివ్వకు.

ప్రతి నెల 9న సర్కారు దవాఖానలో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూస్తారు. బీపీ, రక్తం, మూత్రం, బరువు అన్నీ కార్డులో రాయించు. ఊరికి వెళ్లినా ఆ కార్డు వెంట ఉండాలి.

కేంద్ర సర్కారు మాతృవందన పథకం మన దగ్గర అమల్లో ఉందో లేదో అంగన్‌వాడీలో కనుక్కో. ఉంటే మొదటి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయి: నమోదు, పరీక్ష అయ్యాక 3,000, పుట్టిన బిడ్డ నమోదు, మొదటి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. కోడలి పేరు మీద, ఆధార్‌తో కలిసిన ఖాతా ఉండాలి. చాలామందికి డబ్బు ఆగేది ఇక్కడే. రెండో కాన్పయితే ఆడపిల్ల పుడితేనే 6,000.

విపరీతమైన తలనొప్పి, ముఖం వాపు, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకు. 108కి ఫోన్ చెయ్యి. కాన్పుకి వెళ్లడానికి 102 బండి ఉచితం.

బిడ్డ బరువు తక్కువగా పుడితే, డాక్టరు సరేనంటే తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా వీలైనన్ని గంటలు ఆనించి ఉంచాలి. తలకు టోపీ, పైన దుప్పటి. ఆమె అలసిపోతే నువ్వే చొక్కా విప్పి ఎత్తుకో.

మీ పెద్దమ్మ