అమ్మాయి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి "ఆడవాళ్ల మీద హింస ఆపే పని" చేస్తానంటోంది, పంపాలా వద్దా?

కావలి వైపు నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి బీఏ ఫైనల్ ఇయర్. పోయిన నవంబర్లో కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ తరఫున పల్లెల్లో ప్రోగ్రాం చేశారంట, ఆడవాళ్ల మీద హింస గురించి, అప్పట్నుంచి ఇక ఇదే నా పని అని కూర్చుందంట. "బీఈడీ చేసి డీఎస్సీ రాయమ్మా అంటే వినడం లేదు మేడమ్. అసలిది ఉద్యోగమేనా, జీతం వస్తుందా, ఎవరింటి గొడవలోనో ఇరుక్కుంటే ఎవరు దిక్కు, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి" అని అడిగారు.

అండీ, అడ్మిషన్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ అమ్మగారు ఉంటే ఆమెని అడగండి, 1992లో మీ జిల్లాలో ఏం జరిగిందో. కలిగిరి మండలం దూబగుంట మీకు ఎంత దూరమని? అక్షరాస్యత క్లాసుల్లో రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు, పాఠం చదువుకుంటూ చదువుకుంటూ మన ఊళ్లో సారా కొట్టు ఎందుకుండాలి అనుకున్నారు, మూయించేశారు. దూబగుంట రోశమ్మ గారి పేరు అలానే బయటికొచ్చింది. కూలి డబ్బులు సారాకి పోవడం, తాగొచ్చి కొట్టడం, ఈ రెండూ వాళ్ల బాధ. ఊరూరా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో మళ్లీ ఎత్తేశారు అది వేరే కథ. మీ అమ్మాయి చేస్తానంటున్న పని ఎక్కడో ఢిల్లీ నుంచి ఊడిపడిందేం కాదు, మీ జిల్లాలో పుట్టిందే. తేడా ఏంటంటే అప్పుడు వాళ్లకి జీతం లేదు, ఇప్పుడు ఉంది, తక్కువైనా.

ఇక జీతం సంగతి, దాచకుండా చెప్పేస్తా. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఎంఎస్‌డబ్ల్యూ అవ్వగానే ఎన్జీవోల్లో చేరినవాళ్లకి మొదట్లో పదిహేను ఇరవై వేల మధ్యే వచ్చింది. జిల్లా కేంద్రాల్లో వన్ స్టాప్ సెంటర్లు ఉంటాయి కదా, 2015లో కేంద్రం మొదలుపెట్టిన స్కీం, దెబ్బలు తిని వచ్చిన ఆడమనిషికి ఆస్పత్రి, పోలీసు, లాయరు, రెండ్రోజులు తలదాచుకునే చోటు అన్నీ ఒకే దగ్గర చూపించడం వాటి పని. వాటిల్లో కేస్ వర్కర్, కౌన్సెలర్ పోస్టులు పడతాయి, కానీ ఎక్కువగా కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్. పర్మనెంట్ కావాలంటే స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్, సీడీపీఓ (అంగన్‌వాడీల ప్రాజెక్టు అధికారి) పోస్టులు, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి, సోషల్ వర్క్ డిగ్రీ వాటికి పనికొస్తుంది. నాలుగైదేళ్ల అనుభవం వచ్చాక ఇంకో దారి తెరుచుకుంటుంది, 2013 చట్టం ప్రకారం పది మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే ప్రతి ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీ ఉండాలి, అందులో బయటి మెంబర్ ఒకరు ఉండి తీరాలి, దానికి ఇలాంటి పనిలో నలిగినవాళ్లనే పిలుస్తారు.

ఇప్పుడు అసలు విషయం. మీ అమ్మాయికి నచ్చింది ఏ పనో ముందు తెలుసుకోవాలి. ఆడవాళ్లపై హింసకు వ్యతిరేక దినం, నవంబర్ 25 వచ్చిందంటే బ్యానర్, ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫొటో. నేనూ ఒక కాలేజీకి గెస్టుగా వెళ్లి చూశా, ముందు వరసల్లో ఆడపిల్లలు, వాళ్లకి గంటసేపు జాగ్రత్తలు చెప్పారు, చీకటి పడకముందే ఇంటికెళ్లండి, ఫోన్లో ఎవరితోనూ మాట్లాడొద్దు అని, వెనక బెంచీల్లో అబ్బాయిలు గేమ్ ఆడుకుంటున్నారు, వాళ్లకి చెప్పడానికి ఎవరి దగ్గరా ఒక్క మాట లేదు. నాకు మంట పుట్టి మైకు తీసుకుని వెనక బెంచీలతోనే మాట్లాడా, తర్వాత ఆ కాలేజీ వాళ్లు నన్ను మళ్లీ పిలవలేదు లెండి.

హింస జరక్కముందే ఆపడం అంటే ఏడాది పొడుగునా అదే వీధిలో తిరగడం. ఉగాండాలో కంపాలా నగరంలో రైజింగ్ వాయిసెస్ అనే సంస్థ "సాసా" అని ఒక పద్ధతి తయారు చేసింది, స్వాహిలీలో ఇప్పుడే అని అర్థం. దాని గొప్పేంటంటే బయటి నుంచి స్పీకర్లని తేలేదు, అదే వాడలో ఉండే మామూలు ఆడా మగా కొందరికి ట్రైనింగ్ ఇచ్చి వాళ్లచేతే టీ కొట్టు దగ్గర, పని దగ్గర, ఇంటి అరుగు మీద మాటలు కలిపించారు. అదీ కొట్టడం తప్పు అని మొదలెట్టలేదు, అలా అంటే మగవాళ్లు లేచి వెళ్లిపోతారు కదా, నీ మీద ఎవరైనా పెత్తనం చేస్తే నీకెలా ఉంటుంది అని మొదలెట్టారు. ఎనిమిది వాడలు తీసుకుని నాలుగింట్లో పని చేసి నాలుగింట్లో చెయ్యకుండా పోల్చి చూస్తే, పని చేసిన చోట భర్త చేతిలో దెబ్బలు సుమారు 52 శాతం తక్కువ కనిపించాయి. చిన్న స్టడీ, ఆ అంకెనే పట్టుకుని ఊగక్కర్లేదు, కానీ దారి మాత్రం చూపించింది. మన దగ్గర 2008లో బ్రేక్‌త్రూ అనే సంస్థ వాళ్లు చేసిన బెల్ బజావో ప్రచారం కూడా మగవాళ్లతోనే మాట్లాడింది, పక్కింట్లో కొడుతున్న చప్పుడు వింటే వెళ్లి కాలింగ్ బెల్ కొట్టండి, ఏదో ఒకటి అడగండి చాలు అని.

అంటే ఈ పనికి కావాల్సింది ఆవేశం కాదండీ, ఓపిక. చెప్పింది విని బయటికి చెప్పకుండా ఉండటం, నీట్‌గా కేసు రాసుకోవడం, 2005 గృహహింస చట్టంలో ఆమెకి ఏం దొరుకుతుందో తెలిసుండటం, మామగారి ముందు గొంతు పెంచకుండా కూర్చోవడం. నా మాట విని ఒక పరీక్ష పెట్టండి. సెలవుల్లో రెండు నెలలు మీ మండల సమాఖ్యలో అడిగి డ్వాక్రా సంఘాల మీటింగులకి వెళ్లనివ్వండి, ఆడవాళ్ల మీద హింసకి వ్యతిరేకంగా 2022 నుంచి కేంద్రం నడుపుతున్న నయీ చేతన ప్రచారం కూడా ఆ సంఘాల ద్వారానే జరుగుతోంది. ఫొటో ఉండదు, చప్పట్లు ఉండవు, రెండో నెల కూడా అదే హుషారుతో వెళ్తే అప్పుడు ఎంఎస్‌డబ్ల్యూ ఫీజు కట్టండి.

ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, రెండేళ్లు. మన స్టేట్ యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్ ఎంట్రన్స్ రాయాలి, ఆంధ్రా యూనివర్సిటీలో పాత పేరున్న డిపార్ట్‌మెంట్ ఉంది, హైదరాబాద్ అయితే ఉస్మానియా, రోడా మిస్త్రీ కాలేజీ. టిస్ (ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) రావాలంటే సీయూఈటీ పీజీ అనే జాతీయ ఎంట్రన్స్. ఈ టిస్ వాళ్లే 1984లో ముంబై పోలీసులతో కలిసి వాళ్ల దగ్గరే ఆడవాళ్ల కోసం సోషల్ వర్కర్లని కూర్చోబెట్టారు, స్పెషల్ సెల్ అని, పోలీసుల దగ్గర సోషల్ వర్కర్ అనే ఉద్యోగం మన దేశంలో అలానే మొదలైంది. ఎక్కడ చేరినా ఒక్కటి అడగండి, వారంలో ఎన్ని రోజులు ఫీల్డ్ వర్క్, ఎక్కడికి పంపుతారు అని. దూరవిద్యలో చేసేస్తా అంటే మాత్రం ఒప్పుకోకండి, ఈత పుస్తకంలో నేర్చుకున్నట్టు ఉంటుంది.

భద్రత గురించి మీ భయం ఉత్తది కాదు, తీసిపారెయ్యను. 1992లోనే రాజస్థాన్‌లో భన్వరీ దేవి గారు ప్రభుత్వ ప్రోగ్రాంలో పనిచేస్తూ బాల్య వివాహం ఆపడానికి వెళ్లారు, ఆ కక్షతో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. పంపినవాళ్లు ఆమెకి ఏ రక్షణా ఇవ్వలేదు. ఆ కేసు నుంచే పనిచోట వేధింపుల మీద సుప్రీంకోర్టు 1997 విశాఖ తీర్పు (విశాఖ అంటే ఇక్కడ ఊరు కాదు, కోర్టుకెళ్లిన సంస్థ పేరు), పైన చెప్పిన 2013 చట్టం వచ్చాయి. అందుకే మొదటి ఉద్యోగంలో జీతం కన్నా ముందు ఇవి అడగమనండి: ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరిని పంపుతారా, సొంత ఫోన్ నంబర్ ఇవ్వాలా, ఆఫీస్ నంబరా, బెదిరింపు వస్తే ఫిర్యాదు ఎవరు పెడతారు. నీళ్లు నమిలితే ఆ సంస్థ వద్దు.

సంబంధాల విషయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, మన ఆంధ్రలో పెళ్లయిన 18-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 30 మంది భర్త చేతిలో హింస చూశారని చెప్పింది. మీ అమ్మాయి ఏం చదివిందో విని వెనక్కి తగ్గే ఇల్లు ఉంటే తగ్గనివ్వండి, మీకు ఎంక్వయిరీ ఖర్చు మిగులుతుంది.

బీఈడీ ఎంట్రన్స్ ఎడ్‌సెట్ కూడా రాయించండి, ఫీజు పెద్ద లెక్కేం కాదు, రెండు నెలలయ్యాక తన మనసు మారినా దారి ఉంటుంది. కాకపోతే ఆ మాట మీరు రోజూ అనకండి, ఒక్కసారి చెప్పి ఊరుకోండి.