బొటాక్స్ ఆరుసార్లు వేయించుకున్నాను, ఒకసారి రెప్ప వాలింది

మీకు 43 ఏళ్లు. కనుబొమల మధ్య, నుదుటి మీద గీతలు పడ్డాయని రాశారు. గీతలు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్ విషం అంటున్నారు కదా, ప్రమాదం లేదా? మొహం బొమ్మలా బిగుసుకుపోతుందా? మొదలుపెడితే ఇక ఆపలేమా? మూడు వారాల్లో ఇంట్లో ఫంక్షన్ ఉంది, ఈలోగా వేయించుకోవచ్చా? ఇవీ మీరు అడిగినవి. నేను డాక్టర్‌ని కాదు, ఇది వేయించుకున్న మనిషిని మాత్రమే. నాలుగేళ్లలో ఆరుసార్లు వేయించుకుంటే ఐదుసార్లు ఏ ఇబ్బందీ లేదు. ఒకసారి ఎడమ కంటి రెప్ప వాలిపోయింది. నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్కసారితోనే.

ముందు ఫంక్షన్ సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు వద్దండి. మందు మూడు నాలుగు రోజులకు పట్టడం మొదలవుతుంది, పూర్తిగా పట్టడానికి రెండు వారాలు కావాలి. మొదటిసారి మీ మొహానికి ఎంత సరిపోతుందో డాక్టర్‌కైనా అంచనాయే తప్ప కచ్చితంగా తెలియదు. ఒక కనుబొమ కాస్త పైకి లేచినా, సూది గుచ్చిన చోట నీలంగా కమిలినా సర్దుకోవడానికి మీకు రోజులు మిగలవు. మొదటిసారి వేయించుకునేవాళ్లు ముఖ్యమైన పనికి నెలన్నర, రెండు నెలల ముందే వేయించుకోవాలి.

నేనెందుకు వేయించుకున్నానంటే, నేను టీచర్ని. కళ్లజోడు పెట్టుకోవాల్సిన టైమ్‌లో పెట్టుకోకుండా పదేళ్లు కళ్లు చిట్లించి చదివాను. దాంతో కనుబొమల మధ్య 11 అంకె వేసినట్టు రెండు నిలువు గీతలు పడ్డాయి. బోర్డు మీద నుంచి ఇటు తిరిగితే చాలు, ముందు బెంచీ పిల్లలు "మేడమ్, కోపంగా ఉన్నారా?" అని అడిగేవాళ్లు. కోపం లేదురా అని చెప్పీ చెప్పీ చివరికి నిజంగానే కోపం వచ్చేది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీ సగం టెన్షన్ పోతుంది. క్లోస్ట్రిడియం బొటులినం అనే బ్యాక్టీరియా తయారుచేసే పదార్థం ఇది. నరం నుంచి కండరానికి 'ముడుచుకో' అనే కబురు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా వెళ్తుంది. ఈ మందు ఆ రసాయనాన్ని నరం చివరే ఆపేస్తుంది. కండరం ముడుచుకోదు కాబట్టి పైనున్న చర్మం మడత పడదు. అంతే. గీతను ఏదో పెట్టి నింపదు, వదులైన చర్మాన్ని బిగించదు, ఎండకు పాడైన చర్మాన్ని బాగుచేయదు.

అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక పని చేయండి. అద్దం ముందు మొహం మామూలుగా పెట్టి చూసుకోండి, తర్వాత చిట్లించి చూసుకోండి. చిట్లించినప్పుడే కనిపించే గీత బొటాక్స్‌తో చక్కగా పోతుంది. మామూలుగా ఉన్నప్పుడు కూడా గీసినట్టు కనిపించేది తగ్గుతుంది గానీ మొత్తం పోదు. నా రెండు గీతల్లో కుడిదాని జాడే లేకుండా పోయింది. ఎడమది మాత్రం వెంట్రుకంత సన్నగా ఇంకా ఉంది. ఈ సంగతి నాకు ముందే చెప్పారు కాబట్టి బాధపడలేదు.

విషం అనే మాట నిజమే. మనిషికి తెలిసిన అతి బలమైన విషాల్లో అదొకటి, పాడైన నిల్వ ఆహారం ద్వారా వచ్చే బొటులిజం జబ్బుకు కారణం కూడా అదే. కానీ 100 యూనిట్ల సీసాలో ఉండేది కొద్ది నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. పైగా ఇది అందం కోసం పుట్టిన మందు కాదు. మెల్లకన్నుకు, ఆగకుండా కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 1989లోనే దీన్ని అనుమతించింది. కెనడాలోని వాంకోవర్‌లో జీన్ కరూథర్స్ అనే కంటి డాక్టర్ రెప్పల జబ్బుకు ఇది ఇస్తుంటే, ఆ పేషెంట్ల బొమముడి గీతలు పోవడం కనిపించింది. భర్త అలస్టర్ చర్మ వైద్యుడు. ఇద్దరూ కలిసి దాని మీద పనిచేసి 1992లో ప్రచురించారు. కనుబొమల మధ్య గీతలకు 2002లో, కళ్ల చివర విసనకర్రలా విచ్చుకునే గీతలకు 2013లో, నుదుటి అడ్డగీతలకు 2017లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. చంకల్లో అతిగా చెమట పట్టేవాళ్లకు, దీర్ఘకాలిక మైగ్రేన్ ఉన్నవాళ్లకు కూడా ఇస్తారు, ఇంకా పెద్ద డోసుల్లో. నన్నడిగితే భయపడాల్సింది మందుకు కాదు. ఆ సీసాలో నిజంగా ఏముంది, సూది పట్టుకున్నది ఎవరు అన్నవాటికి.

మొదటిసారి మా డాక్టరమ్మ సీసా నా చేతికిచ్చి పేరు, గడువు తేదీ చదవమన్నారు. "గట్టిగా చిట్లించండి" అని, ఆ కండరాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని చూసి, తెల్ల పెన్సిల్‌తో ఐదు చుక్కలు పెట్టారు. మధ్యలో ఒకటి, అటు రెండు, ఇటు రెండు. చుక్కకు నాలుగు యూనిట్లు, మొత్తం 20. ఒక్కో గుచ్చు చీమ కుట్టినట్టుంది. ఐదో చుక్కకు మాత్రం కంట్లో నీళ్లు తిరిగాయి. దోమ కుట్టినట్టు చిన్న దద్దుర్లు లేచి అరగంటలో పోయాయి. నాలుగు గంటలు పడుకోవద్దు, ఆ చోటు రుద్దొద్దు అన్నారు. నాలుగో రోజు క్లాసులో ఎవరినో కసరబోతే మొహం సహకరించలేదు.

ఇక నాలుగోసారి సంగతి. మా డాక్టరమ్మ ఊళ్లో లేరు. మందు పట్టు వదిలిపోయి గీతలు మళ్లీ కనిపిస్తున్నాయి, నాకు ఆగాలనిపించలేదు. ఆఫర్ ఉందని ఇంకోచోటికి వెళ్లాను. నేను కూర్చునేసరికే మందు ఎక్కించిన సిరంజి ట్రేలో ఉంది. సీసా చూపించలేదు, నేనూ అడగలేదు. చిట్లించమనలేదు, చుక్కలు పెట్టలేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎంత ఫాస్టుగా చేశారో అని మురిసిపోయాను కూడా.

ఆరో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ అద్దంలో చూస్తే ఎడమ కన్ను సగం నిద్రలో ఉన్నట్టుంది. మొహం కడిగినా అంతే. రెప్ప కనుపాప మీదికి వాలి ఉంది, ఎంత ఎత్తుదామన్నా లేవడం లేదు. ఇంట్లో ఎలర్జీ అని అబద్ధం చెప్పాను. అక్కడికి ఫోన్ చేస్తే "అదే పోతుందండీ" అని పెట్టేశారు.

మా డాక్టరమ్మ తిరిగొచ్చాక చూసి చెప్పారు: కనుబొమ దగ్గర ఇంజెక్షన్ మరీ కిందికి వేశారు. కంటి గూడు ఎముక అంచుకు కనీసం సెంటీమీటరు పైన వేయాలి. కిందికి వేస్తే మందు లోపలికి దిగి రెప్పను ఎత్తే కండరాన్ని కూడా పట్టేస్తుంది. వేసిన మందును వెనక్కి తీసే విరుగుడు ఇలాంటప్పుడు ఉండదు, దాని పట్టు వదిలేదాకా ఆగాల్సిందే. అప్రాక్లోనిడిన్ అనే చుక్కల మందు రాసిచ్చారు. అది రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుతుంది, అదీ కొన్ని గంటలే. ఐదు వారాలు క్లాసుకు ముందు చుక్కలేసుకునే వెళ్లాను. "మేడమ్, నిద్రొస్తోందా?" అని అడిగారు పిల్లలు. కోపంగా ఉన్నారా అనడమే నయం అనిపించింది.

చేయి తిరిగిన డాక్టర్ దగ్గర కూడా రెప్ప వాలవచ్చు, కాకపోతే అరుదు. నేను చేసిన తప్పు ఏమీ అడగకపోవడం. ఇప్పుడు మూడు ప్రశ్నలు అడగకుండా కుర్చీలో కూర్చోను: సీసా చూపిస్తారా, ఎన్ని యూనిట్లు వేస్తున్నారు, ఏదైనా తేడా వస్తే చూసేది మీరేనా. యూనిట్ల విషయంలో ఒక మెలిక ఉంది. ఒక బ్రాండు యూనిట్లు ఇంకో బ్రాండుకు సమానం కావు. ఇవే గీతలకు బొటాక్స్ 20 యూనిట్లయితే డిస్‌పోర్ట్ 50. కాబట్టి 'ఎక్కడో ఎక్కువ యూనిట్లు ఇస్తున్నారట' అన్న మాటకు అర్థం లేదు.

మొహం బిగుసుకుపోవడం ఎక్కువగా నుదుటి దగ్గర వచ్చే చిక్కు. కనుబొమల్ని పైకి ఎత్తే కండరం నుదుటిదొక్కటే. దాన్ని పూర్తిగా పడుకోబెడితే గీతలు పోతాయి, దాంతోపాటు కనుబొమలు కిందికి దిగుతాయి. వయసుతో పైరెప్ప చర్మం వదులైనవాళ్లు తమకు తెలియకుండానే కనుబొమలు ఎత్తి చూస్తుంటారు, వాళ్లకు నుదురంతా బరువెక్కినట్టుంటుంది. అందుకే నేను నుదుటికి తక్కువే వేయించుకుంటాను. నవ్వినప్పుడు, ఆశ్చర్యపోయినప్పుడు రెండు గీతలు కనిపిస్తే కొంప మునగదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వేయించుకోకూడదు. మయస్థీనియా గ్రావిస్ లాంటి నరాల, కండరాల జబ్బులున్నవాళ్లకు ప్రమాదం. వేసేచోట పుండో ఇన్ఫెక్షనో ఉంటే తగ్గేదాకా ఆగాలి. పాల ప్రొటీన్ ఎలర్జీ ఉంటే డిస్‌పోర్ట్ వద్దు. రక్తం పలచబడే మాత్రలు, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతుంటే ముందే చెప్పండి, గుండెకు రాసిచ్చిన మాత్రలు మాత్రం సొంతంగా ఆపేయకండి. తలనొప్పి, కమిలిన మచ్చ మామూలే. కానీ కొన్ని గంటల తర్వాతైనా, కొన్ని వారాల తర్వాతైనా మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా నీరసించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మందు వేసినచోటు దాటి పాకితే ఇలా జరుగుతుందని ఎఫ్‌డీఏ 2009 నుంచి మందు సమాచార పత్రంలో గడి కట్టి మరీ హెచ్చరిక వేయిస్తోంది.

మీరు ఫిల్లర్ల మాట కూడా ఎత్తారు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఫిల్లర్ అంటే చర్మం కింద నింపే జెల్, ఎక్కువగా హయలురోనిక్ యాసిడ్. దాని భయం వేరు. జెల్ రక్తనాళంలోకి వెళ్లి అడ్డుపడితే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు, కనుబొమల మధ్య, ముక్కు మీద అయితే చూపే పోవచ్చు, ఎందుకంటే అక్కడి నాళాలకు కంటి నాళాలతో సంబంధం ఉంది. వేస్తుండగానే విపరీతమైన నొప్పి, చర్మం తెల్లబారడం, చూపు మసకబారడం వస్తే నిమిషాల్లో కదలాలి. హయలురోనిక్ జెల్‌ను కరిగించే హయలురోనిడేజ్ అందుబాటులో లేనిచోట కూర్చోకండి. నేనైతే కనుబొమల మధ్య ఫిల్లర్ జోలికి పోను. ఫిల్లర్‌ను ఒత్తిడితో చర్మంలోకి ఎక్కించే, ఇంట్లో సొంతంగా వేసుకునే సూదిలేని పెన్నుల గురించి చెప్పడానికి కూడా నాకు మనసొప్పదు.

మొదలుపెడితే ఆపలేమా అన్నారు. ఆపొచ్చు. మూడు నాలుగు నెలలకు నరం మళ్లీ కబురు పంపడం మొదలుపెడుతుంది, కండరం కదులుతుంది, పాత గీతలు పాతవాటిలాగే తిరిగొస్తాయి. ఎక్కువవ్వవు. నున్నటి నుదురు చూసి చూసి అలవాటు పడ్డ కళ్లకు ఎక్కువైనట్టు అనిపిస్తుంది, అంతే. నేను రెప్ప వాలాక తొమ్మిది నెలలు ఆపాను, తర్వాత రెండుసార్లు వేయించుకున్నాను.

ఫంక్షన్ అయ్యాక వెళ్లేటప్పుడు ఐదారేళ్ల కిందటి ఫొటో ఒకటి, నిన్నటిది ఒకటి తీసుకెళ్లండి. చిట్లించినది, కనుబొమలు ఎత్తినది, మామూలుగా ఉన్నది, మూడు రకాలుగా సెల్ఫీలు కూడా తీసి పెట్టుకోండి. నా పాత ఫొటోలు చూసే డాక్టరమ్మ చెప్పారు, నా ఎడమ కనుబొమ మొదటి నుంచీ కుడిదానికంటే కాస్త కిందికే ఉందని. నలభై ఏళ్లు అద్దం చూసుకున్నాను, నాకే తెలియలేదు. ఇప్పుడు ఆ వైపు చుక్క కొంచెం పైకి పెడుతున్నారు.