కాస్పర్ 1:2:8 సూత్రంతో బావిలో తేలిన శవానికి రోజులు లెక్కగట్టొచ్చా?

మీరు అడిగింది ఇది: వైవా (మౌఖిక పరీక్ష) కోసం కాస్పర్ సూత్రం, అంటే గాలిలో, నీళ్లలో, మట్టిలో శవం కుళ్లే వేగాన్ని పోల్చే లెక్క, బట్టీ పట్టారు, దాన్ని మన ఊళ్లల్లో నీళ్లలో దొరికిన శవానికి వాడొచ్చా అని. వాడొచ్చు. కాకపోతే బట్టీ పట్టేటప్పుడు అందరూ వదిలేసే ముక్క ఒకటుంది, ప్రాణమంతా అందులోనే ఉంది.

యోహాన్ లుడ్విగ్ కాస్పర్ (1796–1864) బెర్లిన్‌లో కోర్టు పనులు చూసిన వైద్యుడు. పాత గ్రంథాల మాట పక్కన పెట్టి, తాను కోసి చూసిన శవాల ఆధారంగా 1857–58లో పెద్ద హ్యాండ్‌బుక్ రాశాడు. ఆయన చెప్పిందేమిటంటే: సగటు ఉష్ణోగ్రత దాదాపు ఒకేలా ఉన్నప్పుడు, బయట గాలిలో వారంలో శవం ఎంత కుళ్లుతుందో, నీళ్లలో అంత కుళ్లడానికి రెండు వారాలు, మామూలుగా పూడ్చినదానికి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి షరతు ఎగిరిపోయి మనకు అంకెలు మాత్రం మిగిలాయి. అది పోలిక చెప్పే సూత్రం, గడియారం కాదు.

అందుకని ముందు ఆ శవం గాలిలోనే ఉండి ఉంటే ఎన్ని రోజుల నాటిదో మన లెక్కల్లో అంచనా కట్టండి. పొట్ట కుడివైపు కింద పచ్చదనం ఎండాకాలంలో 12–18 గంటలకి, చలికాలంలో ఒకటి రెండు రోజులకి వస్తుంది. చర్మం కింద రక్తనాళాలు కొమ్మల్లా నల్లబడి కనిపించడానికి 36–48 గంటలు. రెండు రోజులు అనిపిస్తే, నీళ్లలో సుమారు నాలుగు. అదీ లోతైన, నీడపట్టు బావి అయితేనే. మే నెలలో కాగిపోయిన మోకాటి లోతు చెరువు అయితే ఆ 2ని తగ్గించాల్సిందే.

ఎక్కువమంది బోల్తా పడేది ఇంకోచోట. నీళ్లలో తల కిందికి వేలాడుతుంది కాబట్టి రంగు మారడం ముఖం, మెడ దగ్గర మొదలవుతుంది. పొట్ట ఒక్కటే చూసి రాస్తే రోజులు తగ్గించి రాసినట్టే. పైగా బయటికి తీశాక కుళ్లడం ఒక్కసారిగా ఊపందుకుంటుంది. పొద్దున తీసి, ఫ్రీజర్ లేని మార్చురీలో మర్నాటిదాకా ఉంచితే, గాలి చేసిన పాడంతా నీళ్ల ఖాతాలో పడుతుంది. ఎక్కడో చంపి, ఒక రోజు ఆగి బావిలో పడేసిన కేసులో ఈ గుణకారమే పనికిరాదు.

పూడ్చినవాటికి 8 అన్నది ఇంకా అనుమానాస్పదం. రెండడుగుల గుంట తీసి, పెట్టె లేకుండా వదులు మట్టి కప్పితే అది 'మామూలుగా పూడ్చడం' కిందికి రాదు. కుక్కలు తవ్వాయంటే చెప్పనే అక్కర్లేదు.

కాస్పర్ దగ్గర ఇంతకంటే పనికొచ్చే విషయం, నా లెక్కలో, అవయవాల వరస. శ్వాసనాళం, స్వరపేటిక ముందు కుళ్లుతాయి, గర్భాశయం చిట్టచివర. ఆడో మగో తెలియనంత పాడైన శవంలో కటి లోపల వెతకమనేది అందుకే. మగవాళ్లలో ప్రోస్టేట్ కూడా బాగా ఆలస్యంగా పోతుంది.

రిపోర్టులో 'నాలుగు రోజులు' అని ఒక్క అంకె రాయకండి, '3 నుంచి 5' అనండి. శవపంచనామాలో నీటి లోతు, నీడ, శవం తేలుతోందా ఎక్కడైనా ఇరుక్కుందా, బయటికి తీసిన గంట రాయించమని ఎస్సైకి ముందే చెప్పండి. వీలైతే అదే రోజు బావిలో థర్మామీటర్ కూడా దించమనండి.