వృద్ధాశ్రమంలో పెద్దవారికి సంగీతం వినిపించాలంటే ఏం వాయించాలి, ఎలా వాయించాలి?

నేను వయొలిన్ వాయిస్తాను. నెల్లూరు శివార్లలోని ఒక వృద్ధాశ్రమానికి తొమ్మిదేళ్లుగా నెలకొకసారి వెళ్తున్నాను కనుక, మీ ప్రశ్నకు నా అనుభవంలోంచే సమాధానం చెబుతాను.

మొదటిసారి వెళ్లినప్పుడు సభలో వాయించినట్టే వర్ణంతో మొదలుపెట్టి, ఒక పెద్ద కీర్తనను రాగాలాపనతో, స్వరకల్పనతో నలభై నిమిషాలు వాయించాను. అందరూ మర్యాదగా కూర్చున్నారు గాని, ముందు వరుసలో ఇద్దరు చెవి మిషన్లు తీసి ఒళ్లో పెట్టుకోవడం చూసి నాకు చాలా బాధ కలిగింది. వయసు మీదపడేకొద్దీ ముందుగా తగ్గేది హెచ్చు స్థాయి శబ్దాలను, అంటే సన్నని కీచు శబ్దాలను వినే శక్తి. దానికి తోడు మైకు మోత చెవి మిషన్లలో మరీ కటువుగా వినిపిస్తుంది. ఆ సంగతి తెలిశాక మైకు మానేశాను. తారస్థాయిలో, అంటే పై స్వరాల్లో సాగే సంగతులు తగ్గించి, కుర్చీలను అర్ధచంద్రాకారంలో వేయించుకుని, వారికి నాలుగడుగుల దూరంలోనే కూర్చుంటున్నాను.

అంతకంటే ముఖ్యమైన విషయం ఒక పెద్దమ్మ వల్ల తెలిసింది. నేను మంగళహారతి పాట వాయిస్తుంటే ఆవిడ గొంతు కలపబోయి, పై స్వరం అందక ఆగిపోయారు. ఆడవారు సాధారణంగా పాడే ఐదు, ఐదున్నర శ్రుతి (అంకె పెరిగేకొద్దీ పాట ఎత్తుగడ స్వరం హెచ్చుతుంది) ఆ వయసులో చాలామందికి అందదని అప్పుడు గ్రహించి, తీగలు సడలించి, నాలుగు శ్రుతికి దించి, పల్లవి ఒక్కటే వాయించి ఆగాను. ఆవిడ చరణాలన్నీ ఒక్క మాట తప్పకుండా పాడారు; రెండో చరణానికల్లా మరో ఆరుగురు అందుకున్నారు. అప్పటి నుంచి ‘ఈ శ్రుతి సరిపోతుందా అమ్మా?’ అని అడగనిదే ఏ పాటా మొదలుపెట్టను.

కంభం ప్రాంతం నుంచి వచ్చిన ఒకాయన త్యాగరాజ కీర్తన అడిగినప్పుడల్లా, ఆ వాగ్గేయకారుని ఇంటిపేరు తమ వైపు ఉన్న కాకర్ల గ్రామానిదేనని అందరికీ గుర్తు చేస్తారు. 1767లో తిరువారూరులో పుట్టిన ఆ మహానుభావుణ్ణి సొంత ఊరి మనిషిలా తలుచుకునే ఆయన కోసం ప్రతిసారీ ఒక చిన్న కీర్తన తప్పకుండా వాయిస్తాను.

కందుకూరు వైపు పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మరొక పెద్దాయనకు పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. ఒకసారి నా శిష్యుని హార్మోనియం తీసుకువెళ్లి, తిత్తి నేను ఆడిస్తాను, మెట్లు మీరు ఎడమచేత్తో పలికించండి అని వేడుకున్నాను. ‘వద్దు నాయనా’ అని చాలాసేపు తప్పించుకున్నారు. చివరికి మోహన రాగంలో ఒక పద్యం ఎత్తుకుని, ఆఖరి పాదం మీద రాగం సాగదీశారు. వాకిట్లో నిలబడి వింటున్న వంటమనిషి ‘వన్స్ మోర్’ అని కేక వేసేసరికి, నాటకాల పందిట్లో లాగా హాలంతా అదే మాట అందుకుంది.

ఆ హార్మోనియం ఇప్పుడు ఆశ్రమంలోనే, ఆయన మంచం పక్కన ఉంటుంది. నేను వెళ్లే ఆదివారం, అందరూ మధ్యాహ్నం నిద్ర లేచి టీ తాగే వేళకు, ఆయన దాన్ని తుడిపించి హాల్లో పెట్టించి ఉంచుతారు.