లాయరమ్మాయి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

హైదరాబాద్ లా ఫర్మ్‌లో అసోసియేట్‌గా చేరిన మీ కోనసీమ అమ్మాయి గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఆ పిల్ల అంటే నీకెంత అభిమానమో తెలుస్తూనే ఉంది, కానీ మొదటి పేజీ అంతా బయోడేటాలా ఉంది: ఐదేళ్ల లా కోర్సు, ఎన్‌రోల్‌మెంట్, ఆలిండియా బార్ ఎగ్జామ్, ఉద్యోగం. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎందుకు వెళ్లిందో ఎక్కడా లేదు.

టంగుటూరి ప్రకాశం గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా సంపాదించారు. అయినా ఆ గ్రేడుతో హైకోర్టులో వాదించడానికి వీల్లేదు, అందుకని ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ఆ అడ్డేమిటో తెలిస్తేనే ఆయన ఎందుకు ఓడెక్కారో మనకి అర్థమవుతుంది.

మీ కోనసీమ అమ్మాయికీ ఏదో అడ్డు ఉండే ఉంటుంది. ఊళ్లో సీనియర్ దగ్గర చేరితే మొదట్లో వాయిదాలు రాసుకోవడం, కట్టలు మోయడం, చేతికొచ్చేది బస్సు ఛార్జీలు. జూనియర్ లాయర్లకి మూడేళ్లపాటు నెలకి 5,000 రూపాయలు ఇచ్చేలా 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లా నేస్తం పథకం పెట్టింది అందుకే. ఇంట్లో అప్పుందా, చెల్లెలి చదువుందా? మొహమాటపడకుండా అడుగు.

అసలు సంగతి మూడో పేజీలో ఒక్క వాక్యంలో తేల్చేశావు, వాళ్ల నాన్న కౌలు రైతని. ఆఫీసులో ఆమె చేసేది టైటిల్ పరిశీలన అన్నావుగా. అంటే ఎవరో కొనబోయే భూమికి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు, అంటే అది చేతులు మారిన పాత దస్తావేజులు, వరసగా పెట్టుకుని, సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం ఒక్కో దస్తావేజులో సరిపోల్చుకుంటూ, ఏ చేను ఎవరిదో ఎవరు సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డు అడంగల్ దాకా రావడం. వాటిలో ఆసామి, అంటే భూమి యజమాని పేరుంటుంది, చేను చేసినవాడి పేరు చాలాసార్లు ఉండదు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టంతో కౌలు రైతులకి సాగుదారు కార్డు వచ్చినా, పదకొండు నెలల ఒప్పందం మీద ఆసామి సంతకం పెడితేనే కదా అది చేతికొచ్చేది, ఆ సంతకం కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కాలో డెల్టాలో పుట్టినవాడివి, నీకు చెప్పక్కర్లేదు. అలాంటి ఇంటి పిల్ల అడంగల్లో సాగు చేస్తున్నవాడి పేరు రాసే అనుభవదారు గడి దగ్గరికొచ్చినప్పుడు ఏం చూస్తుందో రాయి, పేజీలు ఎన్నయినా ఫర్వాలేదు. క్లయింటు పేరు, ఆ భూమి వివరాలు మాత్రం రానీకు, ఆమె ఉద్యోగానికే ముప్పు.

సంక్రాంతికి అమ్మాయి ఊరొస్తుందన్నావుగా. వాళ్ల నాన్నతో విడిగా కూర్చో. ఏ ఏడు ఎవరి చేను చేశాడో, కౌలు ఎన్ని బస్తాలో, తుఫానుకి పంట పోయిన ఏడు ఆ బస్తాలు ఎలా తీర్చాడో రాసుకో. ఆ తర్వాత తిరగరాసి పంపు.